ఇక్కడ చింపి పంపగలరు

ఫిబ్రవరిల వచ్చింది ఆ కాగితం.
జిరాక్సు నలుపు ఇంకా వేళ్లకంటుతున్నది.
పైన బిజినేపల్లి హైస్కూలు గుండ్రటి ముద్ర,
కింద చుక్కల గీత,
గీత పక్కన చీమలంత అక్షరాలు:
"ఇక్కడ చింపి పంపగలరు."

అమ్మ చింతపండు కొడుతున్నది.
గింజలొక దిక్కు, ఈనెలొక దిక్కు,
కిలకింతని షావుకారి లెక్క.
"సదువు బిడ్డా" అన్నది, సుత్తె ఆపకుండ.

"గౌరవనీయులైన తల్లిదండ్రులకు..."
అక్కడిదాక ఉన్నదున్నట్టే సదివిన.
"గౌరవనీయులంటే ఎవలే?"
"నువ్వే."
సుత్తె ఒక్క దెబ్బ తప్పింది.

తర్వాత,
"విద్యార్థి అభిరుచి, సామర్థ్యముల దృష్ట్యా
ఇంటర్మీడియట్ నందు ఎంచుకొనదగిన గ్రూపు..."
ఈ నందులు, ఈ దృష్ట్యాలు
మా ఇంట్ల ఎన్నడూ అన్నం తినలే.
ఖాళీ జాగల రహమతుల్లా సారు చేతిరాత:
"శివలీలకు లెక్కల్ల తొంబై ఏడు.
ఎంపీసీల చేర్పించండి. రెండో మాట లేదు."

నేను సదివిన:
"శివలీలకు హెచ్ఈసీ మంచిదని రాసిండ్రమ్మా."

మా చెలక గట్టు మీద ఒక రాయి ఒరిగి ఉంటది.
నాయిన కొడవండ్లు నూరేది దాని మీదనే.
పైన సూర్యుడు, పక్కకు సగం చంద్రుడు,
కింద పదకొండు వరుసలు.
నాలుగో వరుసను మా కొడవండ్లే తిన్నయి.
మిగిలిన దాంట్ల ఏమున్నదని ఎవలనడిగినా
లంకెబిందెలనే అన్నరు.

"అండ్ల ఏం సదువుతరే?"
"రాళ్ల మీద ఏం రాసున్నదో అది."
అమ్మ శానసేపు ఏమనలే.
"రాళ్లు మోసినోళ్లం గని
సదివినోళ్లం గాదు మనం" అన్నది.
కొంగుకు చెయ్యి తుడుసుకోని
రాత్రిబడిల నేర్సిన మూడక్షరాలు పెట్టింది:
ఈ. ద. మ్మ.
ఆఖరు వత్తు కాడ చింతపులుసు మరక.
గీత మీద చింపిన.
వంకరగ చినిగింది.

సారు రిటైరైన నాడు
మెడల దండలు తీసి కుర్చీకి తగిలించి చెప్పిండు:
"అంగడిల మీ అమ్మను నిలబెట్టిన.
నేను రాసింది వేరమ్మా, అని మొత్తం చెప్పిన.
ఉల్లిగడ్డలు ఏరుకుంట అన్నది గద,
సారూ, మీరు రాసింది మీరు రాసిండ్రు.
నాకు సదివి పెట్టింది అది.
సదివిన దానికే నేను సంతకం జేసిన."

పదిహేడేండ్లు.
మొన్న ఫోన్ల చింతపండు ధర చెప్పింది,
మేక ఈనింది చెప్పింది,
ఇది చెప్పలే.

లంకెబిందెలు గాదు ఆ రాతి మీద.
చెరువు తూము కాసేటోనికి ఇచ్చిన పొలం,
రెండు మర్తుర్లు.
నాలుగో వరుసల వాని పేరుండేనేమో.

ఇప్పుడు ఆ కాగితాలు రాసే దిక్కు
నేను కూసున్న, సోషల్ మేడాన్ని.
వాట్సాప్‌ల పోతయి.
రెండు నీలి టిక్కులు పడుతయి.
ఎవలు చూసినట్టు? ఎవలు సదివి పెట్టినట్టు?
నందు తీసేసిన. దృష్ట్యా తీసేసిన.
గౌరవనీయులను మాత్రం ఉంచిన.

పంపేముందుగాల ఒక పిల్లనో పిల్లగాన్నో పిలిచి
మీ ఇంట్ల ఎట్ల సదువుతవో అట్ల సదువు అంట.
నిన్న కావలి తిరుమలేశు నిలబడ్డడు.
ఉన్న మాటలన్నీ సదివిండు,
తేదీ, టైము, గది నంబరుతో సహా.
ఆఖరుకు, తడబడకుండ,
"ఎండకాలం వీన్ని బోరుబండి మీదికి
పంపొద్దని గుడ రాసిండ్రు నాయినా."

నేను కాగితం దిక్కు చూడలే.
"మల్లొకసారి సదువు" అన్న,
పెన్ను మూత తీసుకుంట.